రాకాసిబల్లికి తొమ్మిది కుంట్లు

“సరిహద్దు అవతల మన మనిషి దాక్కున్న ఇంటి ఫోన్ నంబర్ లీకైంది. తొమ్మిది అంకెలు. ఇయ్యాల నాలుగింటికి మహబూబ్‌నగర్ నుంచి శత్రువుకు పోతది. ఆపాలె,” అన్నాడు చీఫ్ రఘుపతి.

“ఆ మనిషి ఎవరు సార్?”

“అహ్మద్ అలీ.”

ఏజెంట్ ఖాసిం అప్పుడే లేచి నిలబడ్డాడు. అహ్మద్ అలీ అతని సొంత తమ్ముడు.

1997 మే నెల. పాలమూరు ఎండ గురించి వేరే చెప్పాలా? ఊరి చివర మూతబడ్డ పల్లినూనె మిల్లులో వోల్కర్ అనే విదేశీయుడు కంప్యూటర్ స్టూడియో పెట్టాడు. సినిమాలకు డిజిటల్ డైనోసార్లు చేస్తామని బోర్డు. ఖాసిం ఏసీ మెకానిక్ వేషంలో లోపలికి వెళ్లాడు. టూల్‌బాక్స్ అడుగున పిస్టల్, స్క్రూడ్రైవర్ పిడిలో కెమెరా. రెండు నిమిషాలు తిరక్కుండా రెండూ వోల్కర్ టేబుల్ మీదికి చేరాయి.

“కదిల్తే కాల్చేస్త,” అంది చీఫ్ యానిమేటర్ జాహేదా. ఎర్రటి లిప్‌స్టిక్, చేతిలో సైలెన్సర్ పిస్టల్. అందం కూడా ఇంత భయంకరంగా ఉంటుందని ఖాసింకు అప్పుడే తెలిసింది.

ఇనుప షట్టర్ దిగింది. కిటికీలు ఎప్పుడో ఇటుకలతో మూసేశారు. నైలాన్ తాడుతో ఖాసింను కుర్చీకి బిగించారు. టైం మూడూ యాభై.

గదిలో ఇంకొకడున్నాడు. గొర్లకాపరి పెద్దులు, డెబ్బై ఏళ్లవాడు. తోలూ కండా కంప్యూటర్ చేస్తుంది కానీ, బరువు ఏ కాలిమీద పడాలో దానికేం తెలుసు? నడక నిజంలా లేకపోతే స్టూడియో బండారం బయటపడుతుందని వోల్కరే అతన్ని పెట్టుకున్నాడు. పెద్దులు సరే అంటేనే నడక ఓకే.

నాలుగింటికి మోడెమ్‌తో ఫోన్ లైన్ మీద బయటికి పంపాల్సిన రాకాసిబల్లి స్క్రీన్ మీద నడిచింది. పెద్దులు వెనక నుంచి దాని తుంటినే చూశాడు.

“గీ జీవం కుంటుతాంది బిడ్డా. తొమ్మిదిసార్లు కుంటింది.”

ఖాసింకు అప్పుడు అర్థమైంది. తొమ్మిది అంకెలు, తొమ్మిది కుంట్లు! ఒక్కో కుంటుకు ముందు పడ్డ అడుగులు లెక్కపెడితే తమ్ముడి ఫోన్ నంబర్. మామూలు కంటికి ఆనని కుంటు అది. తెలిసీ ఏం లాభం? వేలు కూడా కదలడం లేదు. ఏడుపొచ్చింది. నోరొక్కటే మిగిలింది.

“తాతా, నువ్వు జూసినంక గూడ కుంటి జీవాన్ని బయటికి తోల్తరా? పదూళ్లోళ్లు నవ్వరా?”

అంతే, పెద్దులు లేచి మోడెమ్‌కు అడ్డంగా నిలబడ్డాడు. “నన్ను సంపినా సరే, కుంటిదాన్ని మందల నుంచి పోనియ్య!”

“ఏమంటున్నాడు?” విసుక్కున్నాడు తెలుగు రాని వోల్కర్.

“తోక బిర్రుగా ఉందట,” అంది జాహేదా ఇంగ్లీషులో.

“సరిచెయ్. మూడు నిమిషాలే టైం.”

ఆమె వేళ్లు కీబోర్డు మీద పరుగెత్తాయి. ఖాసిం స్క్రీన్‌కేసి చూశాడు. తోక అలాగే ఉంది. కుంటు సంగతి తెలిసి చూస్తే, కాళ్లు మాత్రం ఒక్కొక్కటే సాపయ్యాయి. ఈమె ఎవరి మనిషి?

“గిప్పుడు మంచిగుంది,” అని పక్కకు జరిగాడు పెద్దులు.

సరిగ్గా నాలుగింటికి ఫైల్ వెళ్లిపోయింది. వోల్కర్ తృప్తిగా నవ్వి, పిస్టల్ ఖాసిం నుదుటికి ఆనించాడు. ఖాసిం కళ్లు మూసుకున్నాడు.

“పిస్టల్ కింద పడెయ్, వోల్కర్,” అంది జాహేదా. ఆమె పిస్టల్ వోల్కర్ మెడకు ఆని ఉంది. “నువ్వు పంపింది ఒక ఆరోగ్యమైన డైనోసార్‌ను. అందులో నంబర్ లేదు.”

షట్టర్ లేచింది. ఎండ మొహాన కొట్టింది. అంత ఎండా ఖాసింకు చల్లగా అనిపించింది.

సాయంత్రం టెలిఫోన్ బూత్ నుంచి చీఫ్ మీద విరుచుకుపడ్డాడు. “జాహేదా మనామె అని ఒక్క మాట జెప్తే ఏం బోయింది సార్? పానం బోయిందనుకున్న!”

“నీకు యాక్టింగ్ రాదు ఖాసిం,” అన్నాడు రఘుపతి. “అందుకే నిజంగనే భయపడనిచ్చినం.”