ఆషాఢంలో మల్లెల తీర్థం

తెల్లారి ఐదున్నరకు ఫలక్‌నుమాలోని ఆ సందులోకి ఆటో వచ్చి ఆగింది. అందులోంచి నవ్వుతూ దిగిన శ్రీహితను చూసి, వ్యాన్‌లో మల్లెల తీర్థం జలపాతం ప్రయాణానికి సంచులు సర్దుతున్న ఆమె అత్తగారు రుక్మిణమ్మ గుండె మీద చెయ్యి వేసుకుంది.

"అయ్యో, నువ్వెట్ల వచ్చినవ్ బిడ్డా? ఆషాఢం కదా!"

"తెలుసు అత్తమ్మా. అందుకే ఇంట్లకు రాలే. గల్లీల నిలబడ్డ."

పెళ్లయి రెండు నెలలు. ఆషాఢం వచ్చిందని పన్నెండు రోజుల కిందట ఆమెను కిషన్‌బాగ్‌లోని పుట్టింటికి పంపేశారు. ఈ నెలంతా కొత్త కోడలూ అత్తా ఒకే గడప దాటకూడదు, కొత్త జంట ఒకే ఇంట్లో ఉండకూడదు. ఆ ఇంట్లో ఈ చట్టాన్ని నడిపేది ఎనభై రెండేళ్ల వాసవాంబ, శ్రీహిత భర్త వివేక్‌కి నానమ్మ. ఆవిడ అప్పటికే డ్రైవర్ పక్క సీట్లో మహారాణిలా కూర్చుని ఉంది.

నీళ్ల క్యాన్ మోసుకొస్తున్న వివేక్ పెళ్లాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు. క్యాన్ వొలికి చెప్పులు తడిశాయి. అతనికి తెలియలేదు.

శ్రీహిత కళ్లెగరేసింది. నిన్న ఫోన్‌లో అన్న మాట గుర్తుందా అని ఆ ఎగరేయడానికి అర్థం.

"రేపు అందరి ముందర ఒక్క మాట అడుగు, నన్ను మనింటికి తీస్కపోతనని. అడగకుంటే ఆషాఢం అయిపోయినా రాను. శ్రావణం, భాద్రపదం, అన్నీ కిషన్‌బాగ్‌లనే."

"నానమ్మ ముందరనా? అమ్మో!"

"మరి పెళ్లెవర్ని చేసుకున్నవ్? నన్నా, నానమ్మనా?"

ఇప్పుడు ఆ నానమ్మే కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏంది లొల్లి? వచ్చిందంటే వచ్చింది. కానీ వ్యాన్ తలుపు గూడ గడప లెక్కనే. అత్తాకోడళ్లు ఒకే తలుపుల కెళ్లి ఎక్కొద్దు."

"సరే నానమ్మా!"

శ్రీహిత వెనక్కి వెళ్లి సామాన్ల తలుపు తెరిచింది. చున్నీ నడుముకు బిగించి, పులిహోర గిన్నె మీది నుంచి లోపలికి దూకింది.

డ్రైవర్ కొండల్ కంగారుపడ్డాడు. "మేడమ్, అది సామాన్ల డోర్!"

"ఇయ్యాల నేను గూడ సామానే అన్నా. జర భద్రంగ తీస్కపో."

వివేక్‌ని నానమ్మ తన వెనక సీట్లో కూర్చోబెట్టుకుంది. శ్రీహిత చివరి సీట్లో. అయినా మధ్యలో అద్దం ఉందిగా! కల్వకుర్తి దాటేదాకా ఆ అద్దంలో చూపులు వస్తూ పోతూనే ఉన్నాయి.

"కొండల్, ఆ అద్దం పక్కకు తిప్పు," అంది వాసవాంబ.

"తిప్పితే వెనక లారీలు కనబడయమ్మా!"

టిఫిన్ దగ్గర శ్రీహిత ఇడ్లీ ప్లేటుతో నేరుగా ఆవిడ ముందే కూర్చుంది. "నానమ్మా, అసలు ఈ పద్ధతి ఎందుకు పెట్టిన్రు?"

"కొత్త మొగడు పెండ్లాన్ని చూసుకుంట కూసుంటే నాట్లెవరు వేస్తరు? పొలం పాడైతదని పెట్టిన్రు."

"మనకు పొలముందా?"

"లేదు."

"మనది లాడ్‌బజార్‌ల గాజుల దుకాణం. నేను ఇంట్ల ఉంటే దుకాణంల గాజులు పగుల్తయా?"

రుక్మిణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు నోరు మస్తుంది పిల్లా!"

"మీ మనవనికి లేదు కద నానమ్మా. ఇద్దర్ల ఒక్కరికన్నా ఉండాలె."

వివేక్ చట్నీలోకి చూస్తూ ఉండిపోయాడు.

నల్లమల అడవి మొదలయ్యేసరికి సన్నగా చినుకులు. మల్లెల తీర్థానికి మూడు వందలకు పైగా మెట్లు దిగాలి. మోకాళ్లు సహకరించని వాసవాంబ పైన వ్యాన్ దగ్గరే ఉండిపోయింది.

కింద నల్లటి బండల మీది నుంచి నీళ్లు దూకుతున్నాయి. ఎవరినీ అడగకుండా, ఏ తిథీ చూసుకోకుండా! శ్రీహితకు ఆ నీళ్లు తెగ నచ్చాయి. అత్తగారి చెయ్యి పట్టి లాక్కెళ్లి తుంపరలో నిలబెట్టింది. రుక్మిణమ్మ మొదట "చీర, చీర" అని అరిచింది. తర్వాత చిన్నపిల్లలా నవ్వింది.

వివేక్ గట్టు మీద చెప్పులకు కాపలా కాస్తున్నాడు.

శ్రీహిత అతని వైపు చూసింది. ఈసారి కళ్లెగరేయలేదు. నవ్వలేదు కూడా. మొహం తిప్పేసుకుంది.

అది అతనికి తగిలింది. చెప్పులు వదిలేసి నీళ్లలోకి నడిచొచ్చాడు. హోరులో వినబడాలని గొంతు చించుకుని అరిచాడు: "అమ్మా! శ్రీహితను ఇయ్యాల మనింటికి తీస్కపోత!"

స్నానాలు చేస్తున్న పాతికమందీ తిరిగి చూశారు. ఎవరో ఈల వేశారు.

"నన్నడుగుతవేందిరా?" అంది రుక్మిణమ్మ. "పైన అడుగు. నీకు దమ్ముంటే."

వివేక్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. తడి బట్టలతో, వట్టి కాళ్లతో మెట్లెక్కడం మొదలుపెట్టాడు. అత్తాకోడళ్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని వెనకాలే పరుగు.

వాళ్లు పైకి చేరేసరికి అతను వగరుస్తూ నానమ్మ ముందు నిలబడి ఉన్నాడు.

"వద్దంటే ఏం జేస్తవ్‌రా?" అంటోంది వాసవాంబ.

"నేనే కిషన్‌బాగ్‌కి పోత నానమ్మా. పొద్దున దుకాణానికి అక్కడ్నుంచే వస్త. ఆమె లేని ఇంట్ల నాకు బువ్వ లోపలికి పోతలేదు."

అందరి ముందర! శ్రీహితకు చెవులు వేడెక్కాయి.

వాసవాంబ కోడలి వైపు తిరిగింది. "విన్నవా నీ కొడుకు మాట?"

"విన్న అత్తమ్మా." రుక్మిణమ్మ తడి కొంగు పిండుకుంటూనే తల ఎత్తింది. "నా మొదటి ఆషాఢంల నేను నెల దినాలు ఏడ్చిన. నా కోసం ఎవ్వరూ అడగలే. వీడు అడిగిండు. పిల్ల ఇంటికొస్తది. లోకం ఏమన్నా నేను జవాబు చెప్త."

ముప్పై ఏళ్లలో ఆవిడ అత్తగారికి ఎదురు చెప్పడం ఇదే మొదటిసారి. కొండల్ కూడా రేడియో ఆపేశాడు.

వాసవాంబ ముగ్గురినీ ఒకరి తర్వాత ఒకరిని చూసింది. కోడలి తడి చీరను చూసింది. మనవడి వట్టి కాళ్లను చూసింది. తన భుజం మీది తువ్వాలు తీసి శ్రీహిత చేతుల్లోకి విసిరింది.

"చూసుకుంట నిలబడ్డవేంది? వాని తల తుడువు. జలుబు చేస్తది."

శ్రీహిత తుడిచింది. తువ్వాలు కింద వివేక్ ఏదో గొణిగాడు. ఆమె కూడా ఏదో గొణిగింది. కొండల్ రెండుసార్లు హారన్ కొట్టాడు. వివేక్ జుట్టు ఎప్పుడో ఆరిపోయింది, ఆమె ఇంకా తుడుస్తూనే ఉంది.