కళ్లు మూయనివాడు

"ప్రార్థన చేయడం వచ్చా?"

"వచ్చు. చేయను."

"గోళ్లు తీయడం?"

"వచ్చు."

"అయితే ఈ బకెట్ పట్టుకోండి."

చర్చి వసారాలో, జోరువానలో, ఆమె నాతో ఆడిన మొదటి మాటలివి. నేను ఎవరి తాలూకో కూడా ఆమె అడగలేదు. "చేయను" అన్న మాటకు నా పక్కన మా పిన్ని అదేపనిగా దగ్గింది. రానంటే వినకుండా నన్ను అక్కడికి లాక్కొచ్చింది ఆవిడే.

శనివారం సాయంత్రాలు మంచాన పడ్డవాళ్ల ఇళ్లకు వెళ్లే బృందం అది. నడిపేది ఆ అమ్మాయి. బ్యూటీ పార్లర్‌లో పని చేస్తుంది. వెంట వచ్చి ప్రార్థన చేసేది ఆమె తండ్రి, సంఘ పెద్ద. ఆయనది డ్రైవింగ్ స్కూలు. నేర్పేవాడి కాళ్ల దగ్గర కూడా ఒక బ్రేకు ఉండే కారు ఉంటుందే, అలా ఎవరు ఎటు బయల్దేరినా మధ్యలో తొక్కి ఆపేస్తాడని కుర్రాళ్లు ఆయన్ను డబుల్ బ్రేక్ అనేవారు. ఆయన వినకుండా.

నేను బడిపంతుల్ని. అమ్మ పోయి ఏడాది కాలేదు. అప్పటినుంచి ప్రార్థన మానేశాను. దాని గురించి ఇంతకన్నా బాగా చెప్పడం నాకు చేతకాదు.

మొదటి ఇల్లు ఆర్గన్ మామ్మది. ఒకప్పుడు చర్చిలో ఆర్గన్ వాయించేదట. ఇప్పుడు నడుము కింద కదలిక లేదు. నోరు మాత్రం దివ్యంగా ఉంది.

"ఎవర్రా ఈ పొడుగాటివాడు? బూజు దులపడానికి తెచ్చారా?"

మేం నవ్వేలోగా సంఘ పెద్ద కళ్లు మూసుకున్నాడు. ఆయన ప్రార్థనకు గేర్లు ఎక్కువ. దేశదేశాలు తిరిగి, పాలకులందరినీ పలకరించి, మామ్మ వీధిలోకి వచ్చేసరికి చాలాసేపు పడుతుంది.

అందరూ కళ్లు మూసుకున్నారు. నేను మూసుకోలేదు. చూస్తే, మంచానికి అటువైపు ఇంకో కన్ను తెరిచి ఉంది. ఆమెది. ఒక్కటే. రెండోది భక్తిగా మూసే ఉంది. నన్ను చూసి ఆ ఒక్క కన్నూ పెద్దదైంది, మూసుకోండి అన్నట్టు. ముందు మీరు అన్నట్టు నేను కనుబొమ్మ ఎగరేశాను. ఆమె నవ్వాపుకోవడానికి పెదవి బిగబట్టి, ఆ కన్ను కూడా టక్కున మూసేసింది.

అప్పుడు కనబడింది మామ్మ చెయ్యి. దుప్పటి కొసను పిడికిట్లో పట్టి పిండుతోంది. పళ్లు బిగించింది. ఆ బిగింపు నాకు తెలుసు. అమ్మ దగ్గర చూశాను.

"అంకుల్, ఆగండి."

ఆయన ఆగలేదు. ఏదో దూరదేశంలో ఉన్నాడు.

"అంకుల్! మామ్మకి బెడ్‌పాన్ కావాలి."

"ప్రభువా" అంది పిన్ని. అది ప్రార్థనో, సిగ్గో తెలియలేదు.

"ఆమెన్!" అంది మామ్మ. "మగాళ్లంతా బయటికి నడవండి. నువ్వుండవే అమ్మాయ్. ఈ ఆమెన్ ఎప్పుడొస్తుందా అని వారం వారం బిగబట్టుకుని చస్తున్నా. పెద్దమనిషి ప్రార్థిస్తుంటే మధ్యలో ఎలా అడగను?"

వసారాలో నేనూ సంఘ పెద్దా మిగిలాం.

"కళ్లు మూసుకోలేదన్నమాట."

"లేదండి."

"ఏం?"

"ప్రార్థన చేయడం లేదు కనుక."

"ఇది ప్రార్థన బృందమయ్యా!"

"మీ అమ్మాయి నన్ను గోళ్లు తీయమన్నారండి. అందుకే వచ్చాను."

ఆయన కుడికాలు నేలను గట్టిగా నొక్కింది. అక్కడ బ్రేకు లేదు.

ఆ తర్వాత ఏ శనివారమూ మానలేదు నేను. తువ్వాలును చుట్టచుట్టి లాడంలా వంచి, మీద ప్లాస్టిక్ షీటు పరిచి, దాని కొసను బకెట్‌లోకి జారవిడిస్తే, పక్క తడవకుండా పడుకున్న మనిషి తల కడగొచ్చని ఆమె నేర్పింది. నేను నేర్చుకున్నాను, తిట్లతో సహా.

"మాస్టారూ, అది మామ్మ తల. బ్లాక్‌బోర్డు కాదు. అలా తుడిచేస్తున్నారేంటి?"

"మెల్లగానే రుద్దుతున్నాను కదండీ."

"నాకు చెప్పడం కాదు, ఆవిణ్ణి అడగండి. నీళ్లు వేడిగా ఉన్నాయా, పాపిడి ఎటు తీయాలి... ఆవిడ తల ఆవిడది."

"పక్క పాపిడి," అంది మామ్మ. "వాడి చెయ్యి బానే ఉందిలేవే. వాణ్ణి తిట్టడానికి నువ్వే వంక వెతుక్కుంటున్నావు."

ఆమె నీళ్లు పారబోసి వస్తానంటూ బకెట్ తీసుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. అది ఖాళీ బకెట్.

మనకు తోచింది చేసిపెట్టడమే సేవ అనుకునేవాణ్ణి. అడిగి చేయడం అంతకన్నా కష్టమని ఆ మంచం దగ్గర తెలిసింది.

ఒకరోజు తిరిగి వస్తుంటే దారిలో వాన పట్టుకుంది. ఆమె బకెట్‌ను నెత్తిన బోర్లించుకుంది.

"మరి నాకు?"

"మగ్గుందిగా."

పెట్టుకున్నాను. ఆమె నవ్వలేక గోడకు చేరగిలబడింది. నవ్వు ఆగాక మెల్లగా అడిగింది.

"ప్రార్థన ఎందుకు మానేశారు?"

"మా అమ్మ దగ్గరకీ ఇలాగే వచ్చారండి, ఊళ్లోవాళ్లు. లేచి తిరుగుతుందని చెప్పి వెళ్లారు. చివర్లో అమ్మ జుట్టు అట్టలు కట్టేసింది. పడుకోబెట్టి కడగొచ్చని మాకెవరికీ తెలియలేదు."

ఆమె ఓదార్చలేదు. బకెట్ తీసి నా నెత్తిన పెట్టి, మగ్గు తను తీసుకుంది.

ఆ మరుసటి ఆదివారం సంఘ పెద్ద ఒక నియమం తెచ్చాడు. బృందంలో ఉన్నవాళ్లంతా వంతులవారీగా ప్రార్థన నడిపించాలి, లేదా తప్పుకోవాలి. మొదటి వంతు నాది. తర్వాత నన్ను పక్కకు పిలిచి గొంతు తగ్గించాడు.

"మా అమ్మాయి ఇంట్లో మీ మాటే మాట్లాడుతోంది. ఆ సంగతికి కూడా ఇదే నియమం."

పిన్నికి ఇందులో చిక్కేమీ కనబడలేదు. "నాలుగు ముక్కలు అనేయరా! నోటి ముత్యాలు రాలిపోతాయా? పిల్ల బంగారం."

బంగారాన్నే అడిగాను. "మీరూ అదే అంటారా?"

"నా కోసం అబద్ధపు ప్రార్థన చేశారో, జన్మలో మీతో మాట్లాడను."

"చేయకపోతే మీ నాన్న మాట్లాడనివ్వరు."

"ఆయన సంగతి నేను చూసుకుంటాను. మీరు మీ నోరు చూసుకోండి."

శనివారం వచ్చింది. మామ్మ మంచం చుట్టూ నిలబడ్డాం. బకెట్‌లో వేడినీళ్లు పొగలు కక్కుతున్నాయి. సంఘ పెద్ద నా వైపు తల ఊపి కళ్లు మూసుకున్నాడు. పిన్నీ మూసుకుంది. ఆమె మాత్రం రెండు కళ్లూ తెరిచి నన్నే చూస్తోంది.

"నేను చేయను అంకుల్."

ఆయన కళ్లు తెరిచాడు. నేను ఒక్కొక్క మాటే వెతుక్కుంటూ అన్నాను.

"మా అమ్మ మంచం దగ్గర పలికిన మాటలన్నీ నమ్మాను. నేను నమ్మని మాటలు ఇంకొకరి మంచం దగ్గర పలకలేను. బృందంలోంచి తీసేయండి. మీరంతా వెళ్లాక నేనొక్కణ్ణే వస్తాను. మామ్మ వద్దంటే మానేస్తాను. మీరు వద్దంటే మానను."

"ఇంకా?" అన్నాడాయన కోపంగా.

"మీ అమ్మాయంటే నాకిష్టం. దానికీ ఇదే మాట. తను వద్దంటే మానేస్తాను."

"నేను వద్దనను," అంది ఆమె వెంటనే. తర్వాత ఎర్రబడింది. "అంటే... నన్నింకా ఎవరూ అడగలేదనుకోండి."

"విన్నావా మామ్మా ఈ పొగరు?" అన్నాడాయన.

"విన్నాను. నీళ్లు చల్లారిపోతున్నాయి, అది ఎవరికీ పట్టలేదు." మామ్మ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఒరేయ్, నీ ప్రార్థన లేకపోతే నాకు వారం గడవదు. అబద్ధమెందుకు? కానీ అది నా తల కడగదురా. దానికి వాడి చెయ్యి కావాలి. రెండూ ఒకే గదిలో ఉండకూడదని ఏ వాక్యంలో ఉందో చూపించు, ఇద్దర్నీ పంపేస్తాను."

ఆయన చొక్కా చేతులు మడిచాడు.

"ఆ మగ్గిలా ఇవ్వండి."

మొదటి మగ్గు సగం మామ్మ చెవిలో పోశాడు.

"బ్రేకెయ్యరా!" అని అరిచింది మామ్మ. మంచంలోంచి కదలకపోయినా ఆమెకు ఆ పేరు తెలుసన్నమాట.

"వేడి... సరిపోయిందా మామ్మా?"

ఆయన ఇంకొకరిని అలా అడగడం నేను వినడం అదే మొదలు. కడగడం అయ్యాక, ఆరని చేతులతోనే ప్రార్థన చేశాడు. చిన్న ప్రార్థన. నేను కళ్లు మూసుకోలేదు. ఆయన మూసుకోమనలేదు.

తర్వాతి ఇల్లు పక్కసందులో ఒక తాతయ్యది. వాసన వేసే చీకటి గది. సంఘ పెద్ద మంచం పక్కన కూర్చుని, అలవాటుగా కళ్లు మూయబోయి ఆగాడు.

"మీకేం కావాలి తాతయ్యా?"

తాతయ్య ఆలోచనలో పడ్డాడు. ఎవరూ అడిగినట్టు లేదు.

"ఆ కిటికీ తియ్యండి బాబూ. వాన చూసి ఎన్నాళ్లయిందో."

సంఘ పెద్ద తల తిప్పకుండానే అన్నాడు. "అల్లుడూ, ఆ కిటికీ తియ్యి."

పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన కూతురి చేతిలోని మగ్గు కింద పడి మంచం కిందికి దొర్లింది.

"మరి ప్రార్థన సంగతో, నాన్నా?" అంది ఆమె.

"అది వాడూ దేవుడూ తేల్చుకుంటారు. కిటికీ సంగతి మేం చూస్తాం."

చెక్క ఉబ్బి రెక్క బిగుసుకుపోయింది. లాగాను. రాలేదు. ఆయన లేచి వచ్చి నా చేతి పక్కన చెయ్యి వేశాడు. ఇద్దరం కలిసి లాగితే ఒక్కసారిగా ఊడి వచ్చింది. వానజల్లు తిన్నగా వచ్చి తాతయ్య మొహం మీద పడింది.

"అయ్యో, ముయ్యమంటారా తాతయ్యా?" అని అడిగింది ఆమె.

"వద్దమ్మా," అన్నాడు తాతయ్య, గడ్డం మీది నీళ్లు తుడుచుకోకుండానే. "ఆ రెండో రెక్క కూడా తియ్యమను మీ ఆయన్ని."