డబ్బాలో పరాయి పోగు

మాలతి టీచర్ కుర్చీలో సర్దుకోకముందే ఏడుపు అందుకుంది. గద్వాల నేతపేటలోని సర్కారు బడికి ఆమె హెడ్‌మిస్ట్రెస్. పొద్దున్నే బస్సెక్కి వనపర్తి వచ్చి, ప్రైవేటు డిటెక్టివ్ గిరిధర్ ముందు కొంగు నలుపుతూ కూర్చుంది.

"నా నౌకరి పోయేట్టున్నది సార్. బడి కమిటీ చైర్‌పర్సన్ ఎన్నికల నేనే దొంగ ఓటు ఏసిన్నంటున్నరు. రేపటికల్ల తేలకుంటే పై ఆఫీసుకు ఫిర్యాదు పోతదట."

"ముందు టీ తాగండి మేడం. ఓట్లు ఎట్ల ఏసిండ్రో చెప్పండి."

నేతపేటలో చదువురాని తల్లులు చాలామంది. అందుకని కాగితాలు వద్దనుకున్నారు. వచ్చినవాళ్ళకల్లా ఒక ఎర్ర పట్టుపోగు, ఒక పచ్చ పట్టుపోగు ఇచ్చారు. ఎరుపు అనంతమ్మకు, పచ్చ శ్రవణ్ కుమార్‌కు. తమకు నచ్చినది చాటుగా డబ్బాలో వెయ్యాలి, మిగిలినది బుట్టలో పారెయ్యాలి. బుట్టలోవి ఆ సాయంత్రమే వంట పొయ్యిలో కాల్చేశారు, ఎవరు ఎటు వేశారో ఆరా తీసే పని లేకుండా. లెక్కపెట్టాల్సిన అధికారి మర్నాడు గానీ రానన్నాడు. డబ్బాకు మూత పెట్టి, సన్నటి నూలుపోగు చుట్టి, ముడి మీద లక్క పోసి, మాలతి గదిలో పెట్టి తాళం వేశారు.

"నిన్న పొద్దున లెక్కపెడితే అనంతమ్మ ఒక్క ఓటుతోని గెలిచింది సార్. అప్పుడు శ్రవణ్ కుమార్ ఒక ఎర్ర పోగు పైకెత్తి, ఇది నేనిచ్చిన పట్టు గాదన్నడు. పట్టంత ఆయన దుకాణం నుంచే వచ్చింది."

"ఆయన మాట నిజమేనా?"

"నిజమే. మిగిలినవన్ని పండుమిరప ఎరుపు. అదొక్కటి కుంకుమ ఎరుపు. కాని మొత్తం లెక్క మాత్రం సరిపోయింది."

గిరిధర్ నవ్వాడు. "అంటే ఒక పచ్చ పోయి ఒక ఎరుపొచ్చింది. పదండి మేడం. వైష్ణవీ, బండి తియ్యి."

వైష్ణవి అతని అసిస్టెంటు. సార్ కంటికి చిక్కనిదేదీ ఉండదని ఆమె గట్టి నమ్మకం. ఆమె పుట్టిందీ పెరిగిందీ ఆ నేతపేటలోనే. తల్లి పోతే పెద్దమ్మ భీమమ్మ సాకింది, మగ్గాల ఇళ్ళల్లో కూలికి పోయి చదివించింది. ఆ భీమమ్మే ఇప్పుడు బడిలో మధ్యాహ్నం వంట చేస్తోంది. పెద్దమ్మను చూసి చాలా రోజులైందన్న సంతోషంతో వైష్ణవి బీచుపల్లి వంతెన దాటింది.

బడిలో గిరిధర్ మొదట డబ్బా తెప్పించాడు. లెక్కకని కత్తిరించి విప్పిన నూలుపోగు దాంతోపాటే ఉంది, ముడి మీద లక్క చెక్కు చెదరలేదు. నూలుపోగును వేళ్ళ మధ్య పోనిచ్చి, ఒకచోట ఆగి, వైష్ణవి చేతికిచ్చాడు.

"మగ్గాల ఇంట్ల పుట్టిన పిల్లవు. చూసి చెప్పు."

వైష్ణవి వేలికి అది వెంటనే తగిలింది. లక్క కింద తప్ప ఎక్కడా ముడి లేదు. ఒకచోట మాత్రం రవ్వంత లావు, పైన బూడిద మరక. తెగిన పోగును మెలిపెట్టి కలిపారు. మగ్గం మీద పాత పడుగు, అంటే నిలువు పోగుల వరస, అయిపోవస్తే ఆడవాళ్ళు కొత్త పడుగును ఒక్కో పోగూ ఇలాగే అతుకుతారు, వేళ్ళు జారకుండా బూడిద అద్దుకుని. చిన్నప్పుడు పెద్దమ్మ పక్కన కూర్చుని బూడిద చిప్ప అందించింది తనే.

"ఏం లేదు సార్. పోగు బాగనే ఉన్నది."

అనేసింది. అన్న మరుక్షణం నాలుక కరుచుకోబుద్ధయింది. గిరిధర్ ఆమె వంక ఒక్కసారి చూసి, సరేనని డబ్బా పక్కన పెట్టాడు. తిట్టినా బాగుండేది!

అటెండరు ఇస్రాయేలును పిలిచారు.

"ఈ గది ఎవరు తీస్తరు?"

"నేనే సార్. పొద్దుగాల మేడం ఇంటికాడికెళ్ళి తాళం తెచ్చి తీస్త. బియ్యం బస్తాలు ఈడనే ఉంటయి గద, వంటకు తియ్యాలె."

"తీసినంక నువ్వీడనే ఉన్నవా?"

"లే సార్. కట్టెలు కొట్టబోయిన."

శ్రవణ్ కుమార్ ఇస్త్రీ చొక్కా నలగకుండా వచ్చి కూర్చున్నాడు. పేటలో సగం మగ్గాలు ఆయనవే. కొడుకును ఈ యేడే ప్రైవేటు స్కూలు మాన్పించి ఇక్కడ చేర్పించాడు.

"బడి కమిటీ మీద మీకింత ప్రేమ ఏంది సార్?" అన్నాడు గిరిధర్.

"సేవ."

"సేవ గాదు, జాగ!" వరండాలోంచి అనంతమ్మ అందుకుంది. "బడి ముంగట జాగల పడుగులు సాగదీస్తడు. పోరగాండ్లు ఏడ ఆడుకోవాలె? గదే అడుగుదామని నిలబడ్డ."

"ఓట్ల కోసం ఎవరెవర్ని అడిగినవమ్మా?"

"ఇల్లిల్లు తిరిగిన. భీమక్కను మాత్రం అడగలే. నా బిడ్డ కాన్పుకు రాత్రంత దవాఖానల కూసున్న మనిషి. ఆమెను అడుగుడేంది సార్, సిగ్గు గాదా?"

పక్కనే బియ్యం చెరుగుతున్న భీమమ్మ చేతిలో చాట ఆగిపోయింది. మనవరాలు ఈ బడిలోనే చదువుతోంది గనుక ఆమెకూ ఓటుంది. వైష్ణవిని చూసి కూడా ఆమె పలకరించలేదు. వైష్ణవికి ఎటూ పాలుపోలేదు. పెద్దమ్మను కాపాడితే మాలతి టీచర్ నౌకరి పోతుంది. నోరు విప్పితే, తనకు ముద్దలు కలిపి పెట్టిన మనిషి పేట ముందు తలదించుకుంటుంది.

సాయంత్రం అందరినీ ఐదో తరగతి గదిలో కూర్చోబెట్టాడు గిరిధర్. మండలం నుంచి వచ్చిన ఎన్నికల అధికారి కూడా ఉన్నాడు.

"లక్క పగలలేదు. నడుమ పోగు తెంపి, పని కాంగనే బూడిద అద్ది అతికిండ్రు. మేడమే చేసుంటే ముడేస్తుండె. ముడి వెయ్యకుండ అతికేది మగ్గాల కాడ పెరిగిన చెయ్యి. ఆఫీసు గదిల బూడిద ఉండదు, పొయ్యి కాడ ఉంటది."

"ఎవరైతేంది? అనంతమ్మ మనుషులే గద!" అన్నాడు శ్రవణ్ కుమార్.

"ఆగండి. గెలిపియ్యాలని వచ్చిన దొంగ గుప్పెడు పచ్చ పోగులు తీసేస్తడు. ఈ మనిషి ఒక్కటే తీసింది. ఎందుకు? తన ఓటు తాను మార్చుకోను వచ్చింది గాబట్టి. బడి ఎర్ర పోగులు పొయ్యిల కాలిపాయె, ఇంటికెళ్ళి ఒకటి తెచ్చుకున్నది. రంగుల తేడా చీకటి పొద్దుల కనపడలే."

అక్కడ ఆగి వైష్ణవి వైపు చూశాడు. పేరు చెప్పలేదు. సార్‌కు పొద్దుననే అంతా తెలుసని ఆమెకు అప్పుడర్థమైంది. మాలతి టీచర్ కొంగు నోట్లో కుక్కుకుని బిక్కచచ్చి కూర్చుంది. వైష్ణవి లేచింది.

"పొద్దున నేను అబద్ధం చెప్పిన సార్. ఆ అతుకు చూడంగనే గుర్తుపట్టిన. పెద్దమ్మా... నువ్వే చెప్పు. మేడంకు పిల్లలున్నరు."

భీమమ్మ గోడ పట్టుకుని నిలబడింది.

"నేనే సార్. మేడంకు ఏం తెల్వదు. డబ్బా తెరిచినందుకు ఏ శిక్షేసినా పడత." శ్రవణ్ కుమార్ వైపు చెయ్యి చూపింది. "పచ్చకేసిన. నా కొడుకు మగ్గం ఇప్పుకపోతనన్నడు ఈ సేటు. పేదోళ్ళం, భయపడ్డ. ఆ మాపటికే ఈ అనంత ఇంటికొచ్చి, అక్కా నీ ఓటుందన్న ధైర్నంతోనే నిలబడ్డనే అన్నది. రాత్రంత కన్నంటుకుంటే ఒట్టు!"

అందరూ శ్రవణ్ కుమార్ వైపు తిరిగారు. ఆయన చొక్కా కాలరు సర్దుకున్నాడు. అనంతమ్మ మాత్రం భీమమ్మనే చూస్తోంది.

"నాతోని ఒక్క మాటంటే నేనే పచ్చకెయ్యమందును గదక్కా," అంది మెల్లగా.

డబ్బా తెరిచిన తప్పుకు, బెదిరించిన తప్పుకు విడివిడిగా విచారణ ఉంటుందని అధికారి చెప్పాడు. మాలతి మీద ఏ మచ్చా లేదని అందరి ముందు ప్రకటించి, మర్నాడే మళ్ళీ ఓట్లు పెట్టాడు. ఈసారి అనంతమ్మ తిరుగులేకుండా గెలిచింది. బెదిరింపు బయటపడ్డాక చాలామందికి భయం పోయింది.

కానీ వైష్ణవి కళ్ళముందు నిలిచిపోయింది గెలుపు కాదు. భీమమ్మ వంతు వచ్చినప్పుడు ఆమె పచ్చ పోగు బుట్టలో పడేసి, ఎర్ర పోగు పైకెత్తి పట్టుకుంది. అనంతమ్మకు కనపడాలని, చెయ్యి దించకుండా అలాగే నిలబడింది.

అనంతమ్మ గబుక్కున గోడవైపు తిరిగిపోయింది.

"నాకు జూపియ్యకక్కా. గదేమన్న నాకు బాకీనా? నీ ఓటు నీది."

భీమమ్మ ఏడ్చుకుంటూ చెయ్యి దించి, డబ్బాలోకి పోగు జారవిడిచింది. అధికారి తర్వాతి పేరు పిలిచేదాకా అనంతమ్మ గోడవైపు నుంచి తిరగలేదు.