తెరిచి పెట్టిన పేజీ

సోమవారం పొద్దున శకుంతల చాయ్ తెచ్చేసరికి ఆమె మామ వెంకట్రాజం దుకాణం తలుపులు తీసి స్టీలు బిందెలు బయట పేరుస్తున్నాడు. మట్టెవాడలో ఆ ఇంటికి ముందు భాగం దుకాణం, వెనక భాగం కాపురం.

"కొత్త పాసుబుక్కు ఇంక రాలేదు గద మామయ్యా?"

"అందుకే బ్యాంకుకు పోతాన. సోమేశ్వర్‌ను గల్లా కాడ కూసోమను. పండుకుంటే సరుకు అమ్ముడుపోదని జర చెప్పు నీ మొగనికి."

పాత పాసుబుక్కును వెంకట్రాజం గురువారం బ్యాంకు మనిషికి ఇచ్చాడు. అంతకుముందు పోస్టులో ఒక ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. పైన బ్యాంకు పేరు, కింద ముద్ర. పాసుబుక్కులు మారుస్తున్నామని, తమ ఉద్యోగి ఇంటికి వస్తాడని, పాత బుక్కుతో పాటు సంతకం సరిచూడటానికి ఒక ఖాళీ చెక్కు మీద సంతకం చేసి ఇవ్వాలని అందులో ఉంది. ఖాతా నంబరు ఉంది. ఖాతాలో ఎంత ఉందో కూడా ఉంది.

ఇంట్లో ఇంగ్లీషు ఎవరికీ రాదు. శకుంతల తమ్ముడు మల్లికార్జున్ హనుమకొండలో ఒక టైపు ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పిస్తాడు. శకుంతలే కబురు చేసి అతన్ని పిలిపించింది. అతను చదివి, "ఒక్క తప్పు లేకుంట కొట్టిండ్రు మామయ్యా. బ్యాంకోళ్ళదే" అన్నాడు.

"మన లెక్క బ్యాంకోళ్ళకు గాక ఇంకెవరికి ఎరుక?" అంటూ వెంకట్రాజం చెక్కు మీద సంతకం పెట్టాడు.

ఆ సోమవారం అతను ఎండ ఎక్కకముందే తిరిగి వచ్చాడు. చెప్పులు విడవకుండా వంటింటి దాకా నడిచాడు. భార్య అండాలు చేతిలో చాట పక్కన పెట్టి లేచింది.

"ఏమైందయ్యా?"

"మల్గీ పైసలు పోయినయి. శుక్రవారం ఎవడో నా చెక్కు ఇచ్చి తీసుకపోయిండు. బ్యాంకు ఎవరింటికీ మనిషిని పంపదట. ఖాళీ చెక్కు మీద సంతకం ఎట్ల పెడితివి పెద్దమనిషీ అని మేనేజరు నన్నే అడగవట్టె."

పక్కనున్న మల్గీ, అంటే దుకాణం గది, అమ్మకానికి వచ్చింది. సోమేశ్వర్ కోసం దాన్ని కొనాలని ఇన్నేళ్ళూ కూడబెట్టిన డబ్బు అది. అండాలు గోడకు ఆనుకుని కూర్చుంది. శకుంతలకు మాత్రం డబ్బు గుర్తుకు రాలేదు. తమ్ముడికి కబురు చేసింది తనేనని గుర్తుకు వచ్చింది.

వెంకట్రాజానికి కూడా అదే గుర్తుకు వచ్చింది.

"టైపు కొట్టుడు ఎవరి పని? బ్యాంకోళ్ళదే అని చెప్పిందెవరు?"

"వాడు అసువంటోడు కాదు మామయ్యా."

"అయితే నేను అసువంటోన్నా? నా పైసలు నేనే ఎత్తుకపోయిన్నా?"

శకుంతల జవాబు చెప్పేలోపే సోమేశ్వర్ సైకిలు తీసుకుని వెళ్ళాడు. ఇన్‌స్టిట్యూట్‌లో అందరూ చూస్తుండగా బావమరిదిని చొక్కా పట్టుకుని బయటికి లాగాడు. మల్లికార్జున్ ఇంటికి వచ్చేసరికి అతని చొక్కాకు పై గుండీ లేదు.

"పోలీసులకు చెప్పకముందు ఇంట్ల అడుగుతాన," అన్నాడు వెంకట్రాజం. "గా ఉత్తరం నీ మిషను మీద కొట్టిందేనా?"

"కాదు మామయ్యా. మంచిగుందని చెప్పుడు నా తప్పే. కొట్టింది నేను కాదు."

"అట్లనా? దీపం ఆర్పి ఒట్టేసి చెప్పు."

"ఏం మాటయ్యా అది!" అండాలు లేచింది. "ఇంట్ల దీపం ఆర్పిస్తవా? కోడలి తోడబుట్టినోడు వాడు."

"తప్పు లేనోనికి భయమెందుకు?"

మల్లికార్జున్ అక్క వైపు చూశాడు. శకుంతల తల దించుకుంది. అతను పూజ అర ముందుకు నడిచి దీపం దగ్గర చెయ్యి చాచాడు. శకుంతల ఉత్తరం తెచ్చింది. ప్రమాణం దాని మీదే చెయ్యాలని దీపం పక్కన పెట్టబోయింది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు ఆమెకు వచ్చు. ఆమె చెయ్యి ఆగింది.

"మామయ్యా, ఈ లెక్క ఇప్పటిది కాదు."

"ఏ లెక్క?"

"పదకొండు వేల నాలుగు వందలని ఉన్నది. ఉత్తరం రాకముందే మద్రాసు సరుకు కోసం పైసలు తీస్తిరి గద. బ్యాంకోళ్ళయితే తీసినంక మిగిలింది రాస్తరు. ఇది దీపావళి నాటి లెక్క."

దీపావళి సాయంత్రం దుకాణంలో లక్ష్మీపూజ చేస్తారు. ఖాతా పుస్తకాలు మూసి, అట్ట మీద బొట్టు పెట్టి, అమ్మవారి ముందు ఉంచుతారు. ఖాతాలో పది వేలు దాటడం ఆ ఇంట్లో అదే మొదలు. వెంకట్రాజం ఆ ఏడు పాసుబుక్కును తెరిచి పెట్టాడు. ప్రసాదానికి బజారంతా వచ్చింది. ఎవరెవరో వచ్చారు. ఊదుబత్తుల పీట ఆ పేజీకి అడ్డం వస్తే పక్కకు జరిపింది అతనే.

"పండుగకు ఈ పిల్లగాడు రానే లేదు, మరిపెడల మేనత్త కాడ ఉండె," అన్నది అండాలు. "బుక్కు ముయ్యి, దిష్టి తగులుతదని నేనంటే ఏమంటివయ్యా నాడు? చూడనీ, మనది దొంగసొమ్మా అంటివి."

మల్లికార్జున్ చెయ్యి ఇంకా దీపం దగ్గరే ఉంది. వెంకట్రాజం ఆ చెయ్యి పట్టుకుని కిందికి దించాడు.

"నేను పోతనక్కా," అన్నాడు మల్లికార్జున్. అండాలు ఇచ్చిన మంచినీళ్ళు ముట్టలేదు.

ఆ రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు. "అందరి ముందట లాగితిని," అని సోమేశ్వర్ భార్యతో ఒక్క మాట అన్నాడు. శకుంతల అతని వైపు తిరగలేదు.

మర్నాడు వెంకట్రాజం బస్సులో హనుమకొండ వెళ్ళి ఇన్‌స్టిట్యూట్ మెట్లు ఎక్కాడు. నిన్నటి గొడవ చూసినవాళ్ళంతా అక్కడే ఉన్నారు. మిషన్లు ఆగిపోయాయి. మల్లికార్జున్ లేచి నిలబడ్డాడు.

"పోలీసులకు ఫిర్యాదు రాయాలె. జర టైపు కొడతవా?"

"చెప్పుండ్రి."

వెంకట్రాజం ఉత్తరం సంగతీ, వచ్చిన మనిషి సంగతీ చెప్పాడు. తరువాత గొంతు పెంచాడు.

"పాసుబుక్కు తెరిచి పదిమందికి కనపడేటట్టు పెట్టింది నేను. అది చూసినోడెవడో నన్ను ముంచిండు. మా ఇంటి పిల్లగాడు మల్లికార్జున్‌కు దీంట్ల ఏం సంబంధం లేదు. వాన్ని అనుమానించుడు నా తప్పు. గిది గూడ రాయి."

"గది పోలీసోళ్ళకు అక్కెర లేదు మామయ్యా."

"నాకు అక్కెర."

మల్లికార్జున్ ఇంగ్లీషులో టైపు చేసి, కాగితం తీసి, కలంతో పాటు ముందు పెట్టాడు. వెంకట్రాజం కలం అందుకున్నాడు. సంతకం పెట్టలేదు.

"ముందుగాల చదివి చెప్పు. తెలుగుల."

మల్లికార్జున్ చదవడం మొదలుపెట్టాడు. 'మా ఇంటి పిల్లగాడు' అన్న చోట అతని గొంతు ఆగింది. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగింది. వెంకట్రాజం కండువాతో కళ్ళు తుడుచుకున్నాడు.

"చదువు బిడ్డా. విన్నంకనే సంతకం పెడత."