బ్రదర్ అని పిలవొద్దు

“మా తాతయ్య చేతికి ఆ గుడ్డపీలికలు ఎందుకిచ్చారు బ్రదర్? ఆయనేమన్నా చిన్నపిల్లాడా?”

న్యూరో వార్డు మొత్తానికీ వినబడేలా అడిగింది టీచరమ్మ. లెక్కల క్లాసులో అరిచి అరిచి రాటుదేలిన గొంతు మరి.

ఆ వార్డులో మగ నర్సులందరినీ బ్రదర్ అనే పిలుస్తారు. ఈ బ్రదర్ కంగారుపడలేదు. పెద్దాయన మడతపెట్టిన గుడ్డ అందుకుని, ఇంకోటి చేతికిచ్చాడు.

“పొద్దున్న సెలైన్ సూది రెండుసార్లు పీకేశారండి. చేతులు కట్టేద్దామన్నారు. ఒక్కరోజు ఆగమని డాక్టర్‌గారిని బతిమాలుకున్నాను. చేతులకి పనుంటే సూది జోలికి పోవట్లేదు. తాతగారు దర్జీ కదూ?”

“మీకెవరు చెప్పారు?”

“దుప్పటి అంచు పట్టుకుని కుట్టేస్తున్నారు. తెలిసిపోయింది.”

ఆమె తాతయ్య వేళ్లవైపు చూసింది.

తాతయ్యకి మతిమరుపు రెండేళ్లుగా ఉన్నదే. కానీ మూడు రోజుల కిందట జ్వరం వచ్చి, ఉన్నట్టుండి మనిషే మారిపోయాడు. వార్డుని తన కొట్టు అనుకుని అందరిమీదా కేకలేస్తున్నాడు. ఇక ఇంతేనేమోనని అమ్మ ఒకటే ఏడుపు.

“ఇంతే కాదండీ,” అన్నాడతను. “మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వల్ల వచ్చిన గందరగోళం ఇది. మందులు పనిచేస్తే చాలావరకు తగ్గుతుంది. పాత మతిమరుపు మాత్రం ఉంటుంది. ఆయన కళ్లజోడు, చెవి మిషను ఏవీ?”

“పారేస్తారని ఇంట్లోనే ఉంచేశాం.”

“సరిగ్గా కనబడక, వినబడక ఇంకా బెదిరిపోతున్నారు. తెచ్చిపెట్టండి. ఇంకోటి... ఇది కొట్టు కాదని వాదించకండి. ఆ కొట్టు కబుర్లే అడగండి.”

నాకే పాఠాలా అని ఉడుక్కుంది. అయినా సాయంత్రానికల్లా రెండూ తెచ్చింది.

ఆ రోజు నుంచి స్కూలు అవగానే వార్డుకే. అతను తాతయ్యకి ఎదురుగా వచ్చి, ముందు పలకరించి, ఏం చేయబోతున్నాడో చెప్పి, అప్పుడే ఒంటిమీద చెయ్యి వేయడం చూసేది. చూస్తూ చూస్తూ, తాతయ్యని చూడటం మానేసి అతన్నే చూస్తున్నట్టు గ్రహించి, గబుక్కున కిటికీ బయట వానవైపు తల తిప్పుకునేది.

ఓ సాయంత్రం తాతయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. “బాబూ, నీ ఎడమ భుజం కాస్త దిగింది. చొక్కా కుట్టేటప్పుడు సర్దాలి.”

“అందుకేనా అద్దంలో వంకరగా కనబడతాను!”

“పాపం, అన్నీ భుజం మీదకే తోసేస్తే ఎలా?” అంది టీచరమ్మ. పక్క మంచం పెద్దావిడ కూడా నవ్వేసింది.

జ్వరం తగ్గింది. కేకలు ఆగాయి. ఒకరోజు తాతయ్య మనవరాలిని పేరుపెట్టి పిలిచి, “మీ ఆయన బంగారమే!” అన్నాడు, అతన్ని చూపిస్తూ.

“అవును తాతయ్యా,” అందామె.

అతని చేతిలో మందుల ట్రే కాస్తలో జారిపోయేదే.

వరండాలో ఆమెని అందుకున్నాడు. “ఇందాక... పేషెంటు మాట కాదనకూడదనే అన్నారా?”

“మీరేగా నేర్పింది, బ్రదర్?”

“వార్డంతా అననివ్వండి. మీరొక్కరూ అలా పిలవొద్దు, ప్లీజ్!”

“మరి ఏమని పిలవాలట?”

అతని చెవులు ఎర్రబడ్డాయి. “తాతగారు నా పేషెంటుగా ఉండగా ఆ మాట మాట్లాడటం పద్ధతి కాదండీ. డిశ్చార్జి అయ్యాక అడుగుతాను.”

అన్నట్టే అంతవరకూ గీత దాటలేదు. ఆ తర్వాత మాత్రం నెల రోజులు ఫోను వదిలితే ఒట్టు. నెల తిరిగిన ఆదివారం, వానలో సగం తడిసి గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ సంబరంగా లోపలికి పిలిచింది.

“ఎవరు బాబూ నువ్వు?” అన్నాడు తాతయ్య.

పది రోజులు తన చేత్తో అన్నం తినిపించిన మనిషిని మర్చిపోయాడు. అతను నొచ్చుకోలేదు. ఆయన కళ్లకి సూటిగా కనబడేలా గొంతుక్కూర్చున్నాడు.

“మీ మనవరాలిని పెళ్లి చేసుకుంటానని అడగడానికొచ్చానండీ.”

తాతయ్య అతన్ని తేరిపార చూశాడు. తర్వాత ఆమెవైపు తిరిగాడు. “నీకిష్టమేనా తల్లీ?”

“ఇష్టమే తాతయ్యా.” వార్డంతా వినబడే గొంతు గుసగుసలా వచ్చింది.

“మరి కింద కూర్చోబెట్టారేంటే? కుర్చీ వెయ్యండి మన అబ్బాయికి!”

అమ్మ కళ్లు తుడుచుకుంటూనే కుర్చీ లాగింది. కాఫీలయ్యాయి. ముహూర్తాల మాట మొదలైంది. ఇంతలో తాతయ్య మళ్లీ కళ్లజోడు సవరించుకున్నాడు.

“ఎవరు బాబూ నువ్వు?”

అతను చిరునవ్వుతో కుర్చీ దగ్గరికి జరుపుకుని, మొదటినుంచీ మొదలుపెట్టాడు. ఈసారి టీచరమ్మ తాతయ్య అడిగేదాకా ఆగలేదు.

“నాకిష్టం తాతయ్యా!” అంది, వీధి చివరిదాకా వినబడేలా.