రెండే పిలుపులు

ఇంగ్లండులో స్కార్‌బరోకి కాస్త దిగువన, సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊరుంది. పేరు చెప్పను... చెబితే రేపే కారేసుకుని బయల్దేరే వీరులున్నారు మన లీడ్స్‌లో. ఆ ఊళ్లో సముద్రపు గోడ చివర నీళ్లలోకి దిగే రాతిమెట్లున్నాయి. మెట్లను ఆనుకుని ఓ ఇల్లు. ఏళ్ల తరబడి దానికి 'టు లెట్' బోర్డు వేలాడుతూనే ఉంది.

గాలివాన పట్టిన సాయంత్రం అక్కడ పేరు పెట్టి పిలుస్తారట. పలికారో... ఇక అంతే.

ఈ కథ నేను చాలామంది నోట విన్నాను. నోరు మారినప్పుడల్లా కాస్త ఉప్పూ కారం ఎక్కువయ్యేది. అసలు సంగతి చెప్పింది మాత్రం అఖిలేష్. మా ఆఫీసులోనే పనిచేసే హైదరాబాదు కుర్రాడు. వాడు చెప్పిన రోజు నుంచీ నాకు దెయ్యం కథలంటే ఒళ్లు మండుతుంది. అయినా చెబుతున్నాను.

రెండువేల సంవత్సరంలో ఆ ఇంట్లో కొత్త జంట దిగింది. వంశీ, బిందుమాధవి. వంశీ ఉద్యోగం లీడ్స్‌లోనే, అఖిలేష్‌కి మంచి స్నేహితుడు. అద్దె చవకని, కిటికీ తీస్తే సముద్రమని మురిసిపోయి అంత దూరంలో కాపురం పెట్టాడు. రోజూ రైల్లో పోయి రావడం. ఆగస్టులో అంతా బాగానే ఉంది. అక్టోబరు వచ్చేసరికి అసలు రంగు బయటపడింది. కిటికీ అద్దాలమీద ఉప్పు తెల్లగా పేరుకునేది. రేడియేటర్ మీద ఆరేసిన బట్టలు ముక్కిన వాసన వేసేవి. ఆ ఊళ్లో బిందుమాధవికి తెలుగులో మాట్లాడే దిక్కు నిర్మలాదేవి ఆంటీ ఒక్కరే. ఆవిడ భర్త అక్కడి సర్జరీలో, అంటే ఊరి క్లినిక్కులో, డాక్టరు.

కార్తీకం దగ్గరపడగానే బిందుమాధవి ఓ మాట అంది. మొదటి సోమవారం ఉపవాసముండి, సాయంత్రం ఆ మెట్లు దిగి సముద్రంలో దీపం వదులుతానంది. కొవ్వూరు పిల్ల. ఊహ తెలిసినప్పటి నుంచీ గోదారిలో దీపాలు వదిలిన చెయ్యి. ఇది గోదారి కాదు, ఒక్క అల చాలు అని వంశీ ఎంత చెప్పినా వినలేదు.

రెండు రోజుల తరవాత నిర్మలాదేవి ఆంటీ టీకి పిలిచింది. కప్పు కింద పెట్టి, గొంతు బాగా తగ్గించింది.

"ఆ మెట్ల జోలికి పోకమ్మా. ఎప్పుడో ఓ జాలరి పెళ్లాం అక్కడే కొట్టుకుపోయింది. గాలివాన రోజుల్లో పిలుస్తుంది... తన గొంతుతో కాదు. మనవాళ్ల గొంతుతో."

"తెలుగులోనా, ఆంటీ?"

"ఎవరి భాషలో వాళ్లకి. రెండుసార్లే పిలుస్తుంది. మూడోసారి పిలవడం దాని తరం కాదు. మూడోసారీ పిలిస్తేనే మనిషి. అందాకా పలక్కూడదు, తలుపు తియ్యకూడదు."

ఇంగ్లీషు దెయ్యానికి మన దెయ్యాల పద్ధతి ఎలా అబ్బిందో అడగాలని పాపం ఆ పిల్లకు తోచలేదు. అచ్చం ఇదే మాట చిన్నప్పుడు వాళ్ల నాయనమ్మ చెప్పింది మరి. ఇంత దూరం వచ్చాక మళ్లీ అదే మాట వినేసరికి పూర్తిగా నమ్మేసింది. మెట్ల ఊసు మానేసింది.

మానేసింది గానీ, మనసులో దిగులు పోలేదు. ఆ సోమవారం పొద్దున్నే "పెళ్లయ్యాక మొదటి కార్తీకం, దీపం లేకుండా పోతోంది" అని గొణిగింది. వంశీ రైలు హడావుడిలో ఉన్నాడు.

"బాత్‌టబ్‌లో వదులుకో," అన్నాడు.

తమాషాకే అన్నాడు. ఆమె మొహం తిప్పేసుకుంది. అతను వెళ్లొస్తానన్నా పలకలేదు.

ఆ రోజు గాలి ఎలా వీచిందో ఈ దేశంలో అప్పుడున్న వాళ్లకు గుర్తే ఉంటుంది. చెట్లు కూలాయి, రైళ్లు ఆగాయి. చలికాలం లెక్క ప్రకారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి తిప్పింది కూడా ముందురోజే. ఆఫీసులు వదిలే వేళకే చిమ్మచీకటి. బిందుమాధవి పొద్దుటి నుంచీ పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. నక్షత్రం చూసి తినాలి. ఆ వానలో నక్షత్రం ఎక్కడిది? పైగా కరెంటు పోయింది. ఓ కొవ్వొత్తి వెలిగించుకుని కూర్చుంది.

ఫోన్ మోగింది. వంశీ.

"బిందూ, రైళ్లన్నీ క్యాన్సిలయ్యాయి. ఈ రాత్రికి అఖిలేష్ ఫ్లాట్‌లో ఉండిపోతా. గడియ పెట్టుకుని పడుకో. ముందు ఏమైనా తిను."

"ఊఁ," అని పెట్టేసింది. ఇంకా కోపం తగ్గలేదు.

అలలు గోడ దాటి రోడ్డుమీద పడుతున్నాయి. అల విరిగినప్పుడల్లా గులకరాళ్లు వచ్చి తలుపును కొట్టేవి. ఓసారి చప్పుడు... మళ్లీ ఓసారి... చాలాసేపయ్యాక తలుపు దగ్గరే ఏదో బరువుగా పడ్డట్టయింది.

"బిందూ..."

వంశీ గొంతు. తలుపు అవతల. చాలా కిందనుంచి వస్తోంది — నేలమీదనుంచి.

లేచి రెండడుగులు వేసింది. ఆగిపోయింది. వంశీ లీడ్స్‌లో ఉన్నాడు కదా... మరి ఇదెవరు?

అఖిలేష్‌ ఇంటికి ఫోన్ చేసింది.

"అఖిలేష్... ఆయన అక్కడున్నారా?"

"ఉన్నడు వదినా. స్నానం చేస్తుండు."

"నిజంగా ఉన్నారా?"

"ఈడనే ఉన్నడు. ఎందుకట్ల భయపడుతున్నవ్? రాంగనే ఫోన్ చేయిస్త తియ్యి."

వాడి గొంతులో నవ్వు. వెనక టీవీ చప్పుడు. ఆమె ఫోన్ పెట్టేసింది. ఇక అనుమానం లేదు.

"బిందూ..."

ఈసారి ఇంకా సన్నగా. ఏడుస్తున్నట్టుగా.

ఆమె వెళ్లి గడియమీద చెయ్యి వేసింది. తీయడానికీ చెయ్యి రాదు, వదలడానికీ మనసు రాదు. తలుపుకి నోరు ఆనించి గుసగుసగా అంది — "మూడోసారి పిలువు... మీరే అయితే మూడోసారి పిలవండి..."

పిలవలేదు.

తలుపు అడుగున గోళ్లతో గీరుతున్న చప్పుడు కాసేపు వినిపించింది. తరవాత అదీ ఆగింది. తోసుకుని వస్తుందేమోనని బిందుమాధవి తలుపుకి వీపు ఆనించి నేలమీద కూర్చుంది. శివా శివా అనుకుంటూ, తెల్లవార్లూ అలాగే కూర్చుంది.

తెల్లారింది. గాలి తగ్గింది. గడియ తీసింది... తలుపు దానంతటదే లోపలికి తెరుచుకుంది. తలుపుకి ఆనుకుని కూర్చున్న వంశీ వెనక్కి వాలి ఆమె కాళ్లమీద పడ్డాడు.

ఒళ్లు కొయ్యలా బిగుసుకుపోయి ఉంది. రాత్రంతా వాళ్లిద్దరూ ఒకే తలుపుకి చెరోవైపు ఆనుకుని కూర్చున్నారు.

జరిగింది ఇది. స్కార్‌బరో వైపు వెళుతున్న కొలీగ్ కారులో వంశీకి సీటు దొరికింది. పొద్దుట అన్న మాట మనసులో పెట్టుకుని, అలిగిన పెళ్లాన్ని ఆశ్చర్యపరచాలని రానని అబద్ధం చెప్పాడు. కారు అతన్ని ఊరి మొదట్లోనే దింపింది. సముద్రం పక్క రోడ్డున నడిచొస్తుంటే ఓ అల ఎత్తి రెయిలింగ్‌కేసి కొట్టింది. కాలు విరిగింది. తాళాలు, మొబైలు సముద్రం పాలయ్యాయి. మోచేతులమీద పాక్కుంటూ ఇంటి గుమ్మందాకా వచ్చాడు. రెండోసారి పిలిచేసరికే ఒంట్లో శక్తి అయిపోయి ఉంటుందని డాక్టరు అంకుల్ అన్నాడు. ఆ పిలుపు విన్న గంటలోపు లోపలికి తెచ్చినా బతికేవాడని కూడా అన్నాడు. ఆ మాట ఆ పిల్ల ఎదుటే ఎందుకన్నాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

"సర్‌ప్రైజ్ అన్నడు అన్నా," అని అఖిలేష్ నాకు చెప్పాడు. "వదిన ఫోన్ చేస్తే స్నానం చేస్తుండని చెప్పమన్నడు. చెప్పిన. నవ్వుకుంట చెప్పిన."

పన్నెండో రోజున నిర్మలాదేవి ఆంటీ వచ్చి బిందుమాధవి చేతులు పట్టుకుని ఏడ్చింది. "వంశీయే అడిగాడమ్మా. నా మాట వినడం లేదు, నీళ్ల దగ్గరికి పోకుండా మీరే ఏదో ఒకటి చెప్పి భయపెట్టండి ఆంటీ అన్నాడు. ఆ జాలరి పెళ్లాం, ఆ పిలుపులూ... నేనే కల్పించాను."

బిందుమాధవి మెల్లగా చేతులు విడిపించుకుందట. తరవాత "టీ పెట్టనా ఆంటీ?" అని లేచిందట.

అంతటితో నోళ్లు మూతపడ్డాయా? లేదు. ఏడాది తిరక్కుండానే కొత్త కథ పుట్టింది. గాలివాన వస్తే ఆ మెట్ల దగ్గర వంశీ పిలుస్తాడని... "బిందూ" అని రెండుసార్లు... ఎక్కడో లండన్ పక్క ఇల్ఫర్డ్‌లో ఉన్నవాళ్లు కూడా విన్నామంటారు. ఎవరు మొదలుపెట్టారో నాకు తెలియదు. తెలిస్తే మాత్రం మర్యాదగా మాట్లాడలేను.

బిందుమాధవి ఇండియా వెళ్లలేదు. లీడ్స్‌లోనే ఓ ఆసుపత్రి రిసెప్షన్‌లో పనిచేస్తోంది. అక్టోబరు, నవంబరుల్లో టీవీలో తుఫాను హెచ్చరిక రాగానే అఖిలేష్‌కి ఫోన్ చేస్తుంది. వాడు మారుమాట్లాడకుండా ఆ ఊరికి కారు తీస్తాడు. రెండువేల ఏడులో వాడికి ఒంట్లో బాగాలేకపోతే నేను డ్రైవ్ చేశాను. వాడు పక్కన కూర్చున్నాడు.

ఇంటి ఓనరు ఆమెకు ఓ తాళంచెవి ఇచ్చేశాడు. ఆమె ఒక్కతే లోపలికి వెళ్లింది. వీధితలుపు బార్లా తీసి, గుమ్మంలో నేలమీద కూర్చుంది. వాన మొహాన కొడుతోంది. అలల తుంపర హాల్లోకి పడుతోంది. కదల్లేదు. నేను కారు అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాను. అఖిలేష్ ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

ఎంతసేపటికో తలుపు వేసి వచ్చి వెనక సీట్లో కూర్చుంది. చీర అంచునుంచి నీళ్లు కారుతున్నాయి. నేనే ఉండబట్టలేక అడిగాను.

"ఏమైనా... వినిపించిందా అమ్మా?"

"లేదండీ," అంది. "అందరికీ వినిపిస్తాడట. ఏడేళ్లుగా తలుపు తీసుకుని కూర్చుంటున్నాను. నన్ను మాత్రం ఒక్కసారి కూడా పిలవలేదు."