తెరుచుకోని లాకర్లు

“ఆ ముఠా ఆఫీసు నుంచి లెటర్లు బయటికి పోకూడదు, అంతే,” అన్నాడు చీఫ్. “కంప్యూటర్ మెకానిక్ వేషంలో వెళ్లు. అక్కడి మేడమ్ మన మనిషే. కోడ్‌వర్డ్, టోనర్ అయిపోయింది.”

ఏజెంట్ గుండీలో కెమెరా ఉంది, పెన్నులో మత్తుసూది ఉంది. ఒకే లెటర్‌ను మనిషికో పేరుతో, వివరాలతో అచ్చువేసే మెయిల్ మెర్జ్ మాత్రం అతనికి అరకొరగానే వచ్చు.

ట్రావెల్ ఏజెన్సీ బోర్డు వెనక విదేశీ ముఠా ఆఫీసు. వాళ్ల డేటాబేస్‌లో పన్నెండు మంది మనుషులు, ఒక్కొక్కరికీ రైల్వేస్టేషన్‌లో ఒక లాకర్, దాని కోడ్. లోపల బాంబులు. సాయంత్రం ఐదుకు వాటిని తీసి ప్లాట్‌ఫారాల మీద పెట్టాలని ఒక్కొక్కరికీ కోడ్‌తో సహా లెటర్ వెళ్లాలి. ఆ స్టేషన్ టికెట్ కౌంటర్‌లోనే ఏజెంట్ భార్య ఉద్యోగం!

“టోనర్ అయిపోయింది మేడమ్.”

మేడమ్ అందంగా నవ్వి హ్యాండ్‌బ్యాగ్‌లోంచి పిస్టల్ తీసింది. “నాకు రెండు జీతాలు. వీళ్లదే ఎక్కువ. ఫోనూ పెన్నూ ఇటివ్వు. అన్ని లెటర్ల మీదా ఒకడి పేరే వస్తోంది. బాగు చెయ్.”

కాలయాపన కోసం అక్కడా ఇక్కడా నొక్కాడు. పిస్టల్ మెడకు ఆనింది. చేసేదిలేక డేటాబేస్ లింకు తెంపి మళ్లీ కలిపాడు. పాడు యంత్రం, పనిచేయకూడని రోజే పనిచేసింది. పన్నెండు పేర్లూ వరసగా వచ్చేశాయి.

అప్పుడు చూశాడు. డేటాబేస్‌లో 0472. లెటర్‌లో 472. ఆ లాకర్ల కోడ్‌లన్నీ సున్నాతోనే మొదలు. ముందున్న సున్నాకు విలువ లేదని యంత్రం మింగేసింది, ఏ లెటర్‌లోనూ రాలేదు.

“ఇంకేమైనా తప్పుందా?”

“లేదు మేడమ్.”

ఆవిడ పేర్లు మాత్రం సరిచూసి కొరియర్‌కిచ్చింది. అతన్ని కుర్చీకి కట్టేశారు. ముందొక సున్నా పెట్టి చూద్దామని ఒక్కడికి తట్టినా చాలు, అంతా అయిపోతుంది. గోడ గడియారం ఐదు దాటుతుంటే ఏడుపొచ్చింది. జీవితంలో ఎప్పుడూ అంత నిస్సహాయంగా లేడు.

ఆరున్నరకు పోలీసులు తలుపు బద్దలుకొట్టారు. పట్టుబడినవాడొకడు అడ్రసు కక్కేశాడట. మేడమ్‌కు బేడీలు పడ్డాయి. ఏజెంట్ ఇంటావిడకు ఫోన్ చేశాడు.

“ఎక్కడున్నారండీ? ఇక్కడ పెద్ద గొడవ! ఎవరో పన్నెండు మంది లాకర్లు రావట్లేదని నా కౌంటర్ మీద పడ్డారు. అనుమానమొచ్చి పోలీసుల్ని పిలిచా. ఒకడు చివర సున్నా కొట్టి చూస్తుండగా దొరికాడు. ఇంకొకడు ముందు కొట్టి మిగతావి నొక్కుతుంటే చెయ్యి పట్టుకున్నారు.”

ఏజెంట్ కళ్లు తుడుచుకున్నాడు.

“వాళ్ల కాగితాలు చూశా లెండి, నాలుగంకెలు ఉండాల్సినచోట మూడే! ఎవడో దద్దమ్మ తయారుచేసుంటాడు. చేసిన పని ఒక్కసారి చూసుకోవద్దూ?”

“చూసుకోవాలి మరి,” అన్నాడు ఆ దద్దమ్మ.